పులికి బావమరిది లేడు

మాఘమాసంలో కైకలూరు దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండున్నరకి. భోజనాలు పదకొండింటికే మొదలయ్యాయి. పెళ్ళికొడుకు కాస్త ఆలస్యంగా వచ్చినా సర్దుకోవచ్చు గానీ బిర్యానీ చల్లారితే ఊళ్ళో తలెత్తుకోలేం గదా. ఎకరం స్థలంలో పెళ్ళిపందిరి ఒక మూల ఒదిగి కూర్చుంది. మిగిలిందంతా వంటకాలే. చేపల పులుసు ఒకచోట, రొయ్యల వేపుడు ఒకచోట, పీతల ఇగురు ఇంకోచోట. శాకాహారులు అలగకుండా విడిగా పనసపొట్టు కూర, గుత్తివంకాయ, ముక్కల పులుసు. ఆ వెనక పానీపూరి, దోసెలు, నూడుల్సు. అన్నిటికీ కాపలాగా ఆరు రకాల ఐస్‌క్రీములు. మొత్తం ఎన్ని రకాలని వంటాయన్ని అడిగాను. "లెక్కెట్టలేదండీ. మొన్న పక్కూరోళ్ళ పెళ్ళిలో ఎన్నెట్టారో దానికి పది కలపమన్నారండీ, కలిపేశాం" అన్నాడు.

మా వైపు ఆకలిని కొలిచే తక్కెడ అదన్నమాట, పక్కూరు. 2022 సంక్రాంతికి పశ్చిమ గోదావరిలో ఒకరింట్లో కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పెట్టారు. పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. ఏడాదికి 365 రోజులు గనక అన్ని రకాలట. అది లీపు సంవత్సరం కాకపోవడం ఆ కుర్రాడి అదృష్టం.

సరే, పెళ్ళి సంగతికి వస్తాను. నా పక్క కుర్చీలో మా వదినగారి పెదనాన్న కూర్చున్నారు. ఆయన ప్లేటుకి అంచులు కనబడ్డం లేదు. బిర్యానీ మీద రొయ్యలు, రొయ్యల మీద పీత కాలు, ఆ కాలు జారిపోకుండా ఆసరాగా ఒక జిలేబీ. ఎడమచేతిలో ఇంకో చిన్న ప్లేటు. అందులో రెండు పూతరేకులు, ఒక కాజా. మళ్ళీ ఎవడు లైన్లో నిలబడతాడని ముందే తెచ్చుకున్నారట. దూరదృష్టి.

"పులిని చూసి నేర్చుకోవాలి బాబూ మనం" అన్నారాయన, పీత కాలు పళ్ళ మధ్య పటుక్కుమనిపిస్తూ. "దానికి ఆకలేస్తేనే వేట. కడుపు నిండిందా, పక్కనించి లేడిపిల్ల గెంతుకుంటూ పోతున్నా కన్నెత్తి చూడదు. అవసరానికి మించి ముట్టదు. మనిషున్నాడే, వెధవ, ఎంతున్నా చాలదు."

ఆయనకి కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి. ఎన్నెకరాలో ఆయన నోటివెంట ఎప్పుడూ రాదు. అడిగితే "మా బావమరిదికి తెలుసు" అంటారు. కాయితాలు బావమరిది పేరున ఉన్నాయి మరి.

ఈ పులి ప్రవచనం మనకేం కొత్త కాదు. రోజూ పొద్దున్నే ఫోను తెరిస్తే సూర్యోదయం ముందు నిలబడ్డ సింహం బొమ్మ, దాని కింద ఒక శుభోదయం, ఆ కింద ఇదే సూక్తి. పంపినవాడు ఆ పూట మూడో ప్లాటు అడ్వాన్సు ఇవ్వడానికి పోతూ ఉంటాడు. స్కూలు వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులకీ, టీవీల్లో ఆధ్యాత్మికులకీ, రిటైరైన అధికారులకీ పులి కంఠతా వచ్చు. అయితే ఈ ఉపదేశానికి ఒక పద్ధతుంది. భోజనం దగ్గర కూర్చున్నాక గానీ నోట్లోంచి రాదు. ఇంకో పద్ధతి కూడా ఉంది, అది పైనించి కిందికే పారుతుంది. ఇంట్లో పనిచేసే ఆవిడ నెలకి ఐదొందలు పెంచమన్నప్పుడు, కౌలుకి చేసేవాడు పంట పోయింది, కాస్త తగ్గించమన్నప్పుడు, పులి బోనులోంచి బయటికొస్తుంది. "ఉన్నదాంతో తృప్తి పడాలమ్మా, అడవిలో జంతువుల్ని చూడు." ఆవిడ అడవికి పోయి చూడక్కర్లేదు. ఉన్నదాంతో సరిపెట్టుకోవడంలో ఆవిడ పులికే నాలుగు పాఠాలు చెప్పగలదు.

ఆ మాటకొస్తే పులినే పిలిచి అడుగుదాం, నువ్వు నిజంగా అంత సన్యాసివా అని.

పులి ఒక్క పూటలో పాతిక ముప్పై కిలోల మాంసం లాగించగలదు. వారానికో పది రోజులకో ఒక జింకో కణుజో పడాలి. పది ఇరవైసార్లు ఉరికితే ఒకసారి దొరుకుతుంది. దొరికిన దాన్ని పొదలోకి ఈడ్చుకుపోయి, తిన్నంత తిని, మిగిలిన దాని మీద ఆకులూ గడ్డీ లాగి కప్పిపెట్టి, నీళ్ళు తాగొచ్చి పక్కనే పడుకుంటుంది. మూడు నాలుగు రోజులు కంపు కొడుతున్నా కదలదు. అంటే రేపటి చింత దానికీ ఉంది. లేడిపిల్ల పక్కనించి పోతుంటే లేవకపోవడం దాని వైరాగ్యం అనుకుంటే పొరపాటు. పదిసార్లు పరిగెత్తి పదోసారి దొరికిన ముద్ద అది. కడుపు బరువెక్కాక పదకొండోసారి లేవడానికి దానికి ఓపిక లేదు. పెదనాన్నగారు ఆ బద్ధకానికి గీత చదివి దండ వేశారు.

చిరుత సంగతి చూడండి. రాత్రి గొర్రెల దొడ్లో పడిందంటే ఒక గొర్రెతో పోదు. తెల్లారి కాపరి వచ్చి చూసేసరికి పదో పదిహేనో మెడలు కొరికి పడేసి ఉంటాయి, తిన్నది ఒకదాన్నే, అదీ సగం. తడికల మధ్య బెదిరిపోయి అటూ ఇటూ తొక్కిసలాడుతున్న గొర్రెల మధ్య దానికి ఆగడం తెలీదు. నక్క కోళ్ళగూట్లో దూరినా అంతే. అడవిపందులు వేరుశనగ చేలో పడితే తిన్నది గంపెడు, కుమ్మింది ఎకరం. కోతికి దేవుడు బుగ్గల్లోనే సంచులు కుట్టి పంపాడు. మీ పెరట్లో జామకాయలు చకచకా ఆ సంచుల్లో కుక్కేసి, పక్కింటి గోడెక్కి కూర్చుని, మీ కళ్ళలోకి చూస్తూ తీరిగ్గా నములుతుంది. తెలంగాణ పల్లెల్లో రైతుని అడిగితే కోతి మితాహారం గురించి మంచి భాషలో చెబుతాడు.

ఇక మన డెల్టాలో పందికొక్కు. మనిషి ఆశపోతైతే మనం వాణ్ణి తిట్టేది దాని పేరు పెట్టే. చేలో ఎలకలూ పందికొక్కులూ వరి కంకులు కొరికి కొరికి బొరియల్లోకి మోసుకుపోయి పేర్చుకుంటాయి. కోతలయ్యాక యానాదులు వచ్చి, బొరియలకి పొగపెట్టి, గట్టు తవ్వి, ఎలకల్నీ పట్టుకుని వాటి గాదెలోంచి వడ్లూ తీసుకెళ్ళేవాళ్ళు. చిన్నప్పుడు మా చేలో చూశాను. గునపంతో తవ్వుతుంటే ముందు మట్టి, తర్వాత గడ్డి పరిచిన గది, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి నీటుగా అమర్చిన కంకులు, వెన్నులన్నీ ఒకే వైపుకి. మా నాన్న గట్టు మీద కూర్చుని అది చూసి, "దీని కన్నంలో ఉన్న పద్ధతి మన గాదిలో లేదురా" అన్నాడు.

కాబట్టి జంతువులు అవసరానికి మించి ముట్టవన్న మాట అబద్ధం. దొరికితే తింటాయి, వీలైతే దాస్తాయి, కంగారుపడితే నాశనం కూడా చేస్తాయి. కానీ వాటన్నిటికీ ఒకచోట బ్రేకు పడుతుంది. పులికి కడుపు నిండితే ఆట ముగిసింది. దాచిన మాంసం నాలుగో రోజుకి పురుగు పడుతుంది, పులికి ఫ్రిజ్జు లేదు. కోతి బుగ్గలో నాలుగు జామకాయలు పడతాయి, ఐదోదానికి చోటుండదు. పందికొక్కు ఎంత పోగేసినా దాని బొరియ దాటి పక్క మండలంలో రిజిస్ట్రేషను చేయించుకోలేదు. అన్నిటికన్నా ముఖ్యం, పులికి బావమరిది లేడు. ఉంటే నల్లమల ఈపాటికి సగం దాని బావమరిది పేరున ఉండేది.

మనిషికి కడుపు ఒక్కటే ఉంటే ఇంత గొడవ లేదు. కడుపుకి పైన బీరువా, బీరువాకి పైన లాకరు, లాకరుకి పైన పాసుబుక్కు, పాసుబుక్కు నిండితే బావమరిది. మనిషి ఆకలి ఈ మెట్లన్నీ ఎక్కి పోయాక, కిందనున్న కడుపు సంగతి దానికి గుర్తే ఉండదు.

ఈ రోగానికి ఒకసారి మన శాసనసభే మందు రాసింది. 1973 నాటి భూపరిమితి చట్టం. ఐదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేలనిబట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, ఆ పైది సర్కారుకి ఒప్పజెప్పాలి. అవసరమంటే ఎంతో ఎకరాల్లో రాసిపెట్టిన కాయితం అది. పులికి ప్రకృతి పెట్టిన హద్దుని మనిషికి గెజిట్లో పెట్టారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో జరిగిన వింతలు మా అమ్మమ్మ కథల్లా చెప్పేది. కలిసి కాపురం చేసుకుంటున్న మొగుడూ పెళ్ళాలకి కాయితాల మీద విడాకులైపోయాయట. మైనారిటీ తీరని పిల్లలు రాత్రికి రాత్రి మేజర్లయ్యారట. పాలేరుకి తెలీకుండానే వాడు పదెకరాల ఆసామి అయ్యాడట. పాలేరు మాత్రం మర్నాడు పొద్దున్న మామూలుగానే గేదెల దగ్గర పేడ తీశాడు. బావమరిది అనే బంధుత్వానికి ఆంధ్రదేశంలో దక్కిన గౌరవం, నాకు తెలిసి, అప్పట్నించే.

ఇప్పుడు కొల్లేటికి పోదాం. పెదనాన్నగారి చెరువు గట్టు మీంచి పోయినా దగ్గరే.

అటపాకలో పక్షుల్ని చూడ్డానికి పోయినసారి పొద్దున్నే వెళ్ళాను. చెట్లు చాలక అటవీశాఖవాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతి పెట్టారు. వాటి మీద గూడబాతులు పుల్లలు పేర్చుకుని కాపురాలు పెట్టాయి. పుస్తకాల్లో గూడబాతు, మా వైపు జనం నోట పెలికాను. దాని ముక్కు కింద వేలాడే సంచి చూసి అది చేపలు దాచుకునే జోలె అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఒకదాన్ని అరగంట సేపు చూస్తే తెలిసింది. అది తల ముంచుతుంది, సంచి బిందెడు నీళ్ళతో ఉబ్బుతుంది, ముక్కుని రొమ్ముకి ఆనించి ఓపిగ్గా నీళ్ళన్నీ కార్చేస్తుంది, చివర్న తల పైకెత్తి గుటుక్కున మింగుతుంది. అంతే. ఆ సంచి వల, జోలె కాదు. సృష్టిలో ఇంత పెద్ద జేబు మోస్తూ, అందులో సాయంత్రానికి ఒక్క పరిగె పిల్ల కూడా దాచుకోని ప్రాణి అది. మా ప్రాంతంలో పుట్టి ఇంత అమాయకంగా ఎలా బతుకుతోందో అర్థం కాదు.

ఆ పక్షి ఉన్న కొల్లేటికి ఒక గీత ఉంది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా నీళ్ళు పరుచుకునే మేర, ఐదో కాంటూరు అంటారు. 1999లో జీవో 120 ఇచ్చి ఆ గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లనీ అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో పేరెక్కింది, అంటే ప్రపంచమంతా చూసి మెచ్చుకున్న తడినేల. కానీ ఆ మెచ్చుకున్న నీళ్ళలో అప్పటికే గట్లు లేచిపోయాయి. డెబ్బైల్లో వడ్డీలనే జాలర్ల సహకార సంఘాలకని మొదలైన చెరువులు, చూస్తుండగానే పెట్టుబడి ఉన్నవాళ్ళ లీజుల్లోకి జారిపోయాయి. తాటిదోనె మీద తిరుగుతూ మావులు పెట్టి కొరమేనూ, మట్టగిడసా, జెల్లా పట్టుకున్నవాడు, అదే నీళ్ళ గట్టు మీద బొచ్చెకీ శీలావతికీ తవుడు జల్లే కూలీ అయ్యాడు. పూటకి పడినన్ని చేపలు వండుకుని, మిగిలినవి అమ్ముకున్నన్నాళ్ళూ అతని పేరు వెనకబడినవాడు. ఆ నీళ్ళని ఆక్రమించి టన్నులకి టన్నులు లారీలకెత్తినవాడు అభ్యుదయ రైతు.

2006లో ఆపరేషన్ కొల్లేరు అన్నారు. సుప్రీంకోర్టు నియమించిన కమిటీ గట్టిగా చెప్పింది గనక గట్లు పేల్చారు, పొక్లెయినర్లు దింపారు. నీళ్ళు కొంచెం ఊపిరి పీల్చుకున్నాయి. ఆ తర్వాత ఎండాకాలం ఒకటి వెళ్ళింది, వానాకాలం ఒకటి వెళ్ళింది, ఎన్నికలొకటి వచ్చాయి, పేల్చిన గట్లు పుట్టగొడుగుల్లా మళ్ళీ లేచాయి. పొక్లెయినరుకి పార్టీ లేదు. కూల్చిన డ్రైవరే రాత్రిపూట వచ్చి కట్టిపోయాడని మా ఊళ్ళో నవ్వుకుంటారు.

ఈ మధ్యలో ఒక గొప్ప ఆలోచన పుట్టింది. అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నించి మూడో కాంటూరుకి దించేద్దాం అని. అన్ని పార్టీలూ ఒక్క గొంతుతో అడిగాయి, శాసనసభ తీర్మానం కూడా చేసింది. పక్షులకి 3 అడుగులు చాలునట. పరిశీలించడానికి వచ్చిన నిపుణుల కమిటీ కుదరదు, ఐదే ఉండాలంది. నాకు ఆ కమిటీ కన్నా ఆ తీర్మానమే ముద్దొస్తుంది. గూడబాతుకి ఎంత చాలో మనవాళ్ళు అడుగుల్లో కొలిచి చెప్పారు. సైబీరియా నించి వచ్చే బాతుకి ఎంత చాలో చెప్పారు. నీళ్ళకి ఎంత చాలో కూడా చెప్పారు. తమకి ఎంత చాలో మాత్రం ఏ తీర్మానంలోనూ ఒక్క అంకె లేదు. అవతలివాడి అవసరం కొలిచేటప్పుడు మన చేతిలో టేపుంటుంది. మన వంతు వచ్చేసరికి ఆ టేపు ఎక్కడ పెట్టామో కనబడదు.

నీళ్ళు తీర్మానాలు చదవవు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్‌ని ముంచింది. బుడమేరు పోయి కలవాల్సింది కొల్లేట్లోకి, కొల్లేటి నీళ్ళు పోవాల్సింది ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి. దారి పొడుగూతా మనం మన అవసరం కొద్దీ ఒకటీ అరా ఎకరం సర్దుకుంటూ వచ్చాం. అది కూడా తన అవసరం కొద్దీ నాలుగు వీధులు సర్దుకుంది. మేడల మీద నిలబడి పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచిన జనంలో, ఆ గట్లు వేసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారేమోనని టీవీలో వెతికాను. కనబడలేదు.

అవసరానికి మించి ముట్టని మనుషులు ఎవరూ లేరా అంటే, ఉన్నారు. నల్లమలలో చెంచులు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన నిజాం రోజుల్లో వాళ్ళ మధ్య ఉండి 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చేశాడు. గడ్డలు తవ్వుకుని, పళ్ళేరుకుని, ఏ పూటకాపూట గడిపే మనుషులు. వాళ్ళు కొండ చరియల నించి తాడుకట్టి దిగి తేనె తీస్తారు. కింద వందల అడుగుల లోయ, ముఖం చుట్టూ పెరతేనెటీగలు, ఒక చేత్తో పొగ, ఇంకో చేత్తో కత్తి. పైన ఆ తాడు పట్టుకునేది ఎవరో తెలుసా? బావమరిది. అన్నదమ్ముల్ని నమ్మరు, ఆస్తి లేకపోయినా ఆలుందిగా అని అనుమానం కాబోలు. బావమరిదైతే తన అక్కో చెల్లెలో ముండమోయడానికి ఒప్పుకోడు, తాడు వదలడు. చట్టం, రిజిస్ట్రారు, సాక్షి సంతకం ఏమీ లేని ఈ ఏర్పాటుని చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. వాళ్ళ బావమరిది తాడు పట్టుకుంటాడు. మన బావమరిది పాసుబుక్కు పట్టుకుంటాడు. ప్రాణాలు రెండు చోట్లా అతని చేతిలోనే.

అలా దిగినవాడు పట్టు మొత్తం కోసుకురాడు. తేనె గది కోసి, పిల్లలున్న భాగం వదిలేసే అలవాటుంది. వచ్చే ఏడు ఈగలు మళ్ళీ అక్కడికే రావాలి గదా. ఇలాంటి మనుషుల్ని పిలిచి, మా శుభోదయం సింహాల బదులు మీ ఫొటో పెట్టుకుంటాం బాబూ అనాల్సింది పోయి మన దఫ్తరాల్లో ఏమని రాసుకున్నాం? ఆదిమ తెగ. బలహీన వర్గాల్లోనూ బలహీనులు. పులుల కోసం అడవి ఖాళీ చేసి బయటికొస్తే కుటుంబానికి 15 లక్షలిస్తామంటారు. పులి మితం, చెంచు మితం రెండూ ఒకే అడవిలో ఇన్నాళ్ళూ ఇరుగుపొరుగుల్లా ఉన్నాయి గదా అంటే ఫైల్లో ఆ గడి లేదు.

అదే అడవిలో 2019లో ఇంకో అవసరం బయల్దేరింది. యురేనియం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర 4,000 బోర్లు దించి వెతుకుతామని ప్రతిపాదన, దానికి ఢిల్లీలో అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా తలూపింది. చెంచు ముసలాయన గడ్డ తవ్వడానికి గునపం తీసుకుని కోర్ ఏరియాలోకి పోతే గార్డు ఆపి ఎక్కడికని అడుగుతాడు. రిగ్గు లారీని ఎవరూ అలా అడగరు, అది దేశావసరం. ఊళ్ళన్నీ రోడ్డెక్కి, సినిమావాళ్ళూ కవులూ గొంతు కలిపి, చివరికి ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది గనక ఆగింది. శాసనసభ తీర్మానాల గురించి పైన నాలుగు మాటలన్నాను. ఈ ఒక్కదానికి చెంపలేసుకుంటున్నాను.

హైదరాబాదులో కంచ గచ్చిబౌలి కథ అందరూ కళ్ళారా చూసిందే, క్లుప్తంగా కానిస్తాను. యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల తుప్పలు, బండలు, కుంటలు, జింకలు, నెమళ్ళు. పరిశ్రమలకి వేలం వెయ్యాలన్నది ప్రభుత్వ అవసరం. 2025 ఉగాది సెలవుల్లో, ఊరంతా పచ్చడి తిని పంచాంగ శ్రవణం వింటున్నప్పుడు, బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి వంద ఎకరాల దాకా నేలమట్టం. ఆ తర్వాత వారం పాటు రాష్ట్రంలో నడిచిన చర్చ ఏమిటో గుర్తుందా? ఫోన్లలో తిరిగిన వీడియోల్లో నెమళ్ళు నిజంగా ఏడ్చాయా, లేక కంప్యూటరు ఏడిపించిందా అని. కొన్ని వీడియోలు దొంగవేనట. ఒప్పుకుంటాను. చెట్లు మాత్రం ఒరిజినలే.

ఆ నెలలో అక్కడ ఒక మూడు బెడ్‌రూముల ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, కింద కనిపిస్తున్న ఎర్రమట్టిని చూస్తూ, మా స్నేహితుడొకడు చాలా బాధపడ్డాడు. ఆ ఫ్లాటు ఇంకో కంచ మీద లేచిందే. వాడికి అదొక్కటే కాదు, ఇంకోటి అద్దెకిచ్చాడు, మూడోది కడుతున్నారు. "మనిషికి ఎంత కావాల్రా" అన్నాడు. నేను టీ తాగుతూ ఊరుకున్నాను. నాకు అదే పేటలో రెండొందల గజాలున్నాయి. మా ఆవిడ తమ్ముడి పేరు మీద.

ఇంక పెళ్ళి దగ్గర వదిలేసిన పెదనాన్నగారి సంగతి.

జీలకర్రా బెల్లం పెడుతున్నారు. ఆయన ప్లేటు అలాగే కుర్చీ కింద పెట్టి లేచారు. బిర్యానీ సగం, రొయ్యలు సగం, పూతరేకు ఒకటి కాయితం కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి. కుర్చీల మధ్య తిరుగుతున్న కుక్క ఒకటి వచ్చి రొయ్యలు మాత్రం తిని, బిర్యానీ వాసన చూసి, పోయి నీడన పడుకుంది. ఆయన దాన్ని నాకు చూపించి, "చూశావా బాబూ, చాలనుకుంది, వెళ్ళిపోయింది. అదీ జంతువంటే" అన్నారు. ఆ కుక్క అప్పటికి ఎన్ని ప్లేట్లు చూసిందో ఆయన లెక్కలో లేదు.

కిళ్ళీల బల్ల దగ్గరికి నడిచాం. ఆయన ఒకటి నోట్లో పెట్టుకుని, రెండు కాయితంలో చుట్టించి లాల్చీ జేబులో వేసుకున్నారు. ఇంతలో ఫోను మోగింది.

"ఏరా... ఏ చెరువు మీద? పెద్దదాని మీదా?... తాళ్ళు కట్టించాం కదరా అడ్డంగా... ఎన్ని వాలాయి?... ఒక్కటా?" కిళ్ళీ ఒక బుగ్గ నించి ఇంకో బుగ్గకి మార్చారు. "ఒక్కటైతే మాత్రం? దాని అబ్బ సొమ్మా? పిల్ల వెయ్యడానికి అదేమన్నా డబ్బులు కట్టిందా? ఇవాళ ఒకటొస్తే రేపు వందొస్తాయిరా. దీపావళి బాంబులు ఇంకా ఉన్నాయా, అయిపోయాయా?... అయితే చూస్తావేం, వెయ్యి."

ఫోను జేబులో వేసుకుని నావైపు తిరిగి, నోట్లో ఎర్రనీళ్ళు పోకుండా గడ్డం కాస్త పైకెత్తి, "పెలికాను బాబూ" అన్నారు. "మహా ఆశపోతు పక్షి."

మంగళసూత్రం పడిందేమో, మేళం ఒక్కసారిగా జోరందుకుంది. దూరంగా చెరువుల వైపు నించి ఢామ్మని వినబడింది. పెళ్ళివారి టపాకాయలనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.